‘ఏ నిబంధన కింద?’: ప్రభుత్వ సంస్థల్లో మాట మీద ఆంక్షలు కోర్టుల్లో ఎలా తేలుతాయి

గత నెలలో మైలాపూరులో ఒక తెలుగు సభ ముగిశాక, కాఫీ గ్లాసులు పట్టుకుని నలుగురం నిలబడి ఉండగా ఒక టీచరమ్మ చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించారు. ఉత్తర చెన్నైలో ఒక ప్రభుత్వ బడిలో ఆమె తెలుగు చెబుతారు. తెలుగు పిల్లలకు పదో తరగతిలో తమిళం పరీక్ష తప్పనిసరి కావడం గురించి వాట్సాప్ స్టేటస్‌లో నాలుగు వాక్యాలు రాశారు. మూడో రోజున మెమో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి ప్రభుత్వ విధానాన్ని విమర్శించినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

మాలో హైకోర్టులో చాలాకాలం ప్రాక్టీసు చేసిన పెద్దాయన ఒకరు కళ్లజోడు సవరించుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆమె రాసింది ఒప్పా తప్పా అని అడగలేదు. “ఏ నిబంధన కింద అని ఎక్కడా రాయలేదేమమ్మా?” అన్నారు.

“లేదండీ. పై అధికారుల ఆదేశాల మేరకు అని మాత్రం ఉంది.”

ప్రభుత్వ బడులు, కళాశాలలు, కార్యాలయాలు, దూరదర్శన్ వంటి సంస్థల్లో భావ ప్రకటనా స్వేచ్ఛ మీద నడిచిన పెద్ద కేసుల్లో చాలావరకు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న చుట్టూనే తిరిగాయి. మాట మంచిదా చెడ్డదా అని బయట ఎంత వాదించుకున్నా, కోర్టు ముందుగా చూసేది దాన్ని ఆపినవారికి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. ఈ చిక్కుముడి విప్పడానికి అక్కడి నుంచే మొదలుపెడదాం.

రాజ్యాంగంలో రాసి ఉన్నది

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యం, భావ ప్రకటనా స్వేచ్ఛ ఇచ్చింది. వెంటనే 19(2) దానికి హద్దులు గీసింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఈ ఎనిమిది కారణాల మీదే ఆంక్ష పెట్టవచ్చు. అదీ చట్టం ద్వారానే పెట్టాలి. ఆ ఆంక్ష సహేతుకంగా ఉండాలి.

ఈ మూడు షరతుల్లో జనం ఎక్కువగా మరిచిపోయేది నడిమిది. శాసనసభ చేసిన చట్టం, ఆ చట్టం కింద పద్ధతి ప్రకారం చేసిన నిబంధనలు ‘చట్టం’ కిందికి వస్తాయి. శాఖాపరమైన సర్క్యులర్, ఫోనులో చెప్పిన మాట, నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం వాటంతట అవే చట్టం కావు. ‘సంస్థ పరువు’, ‘అధికారుల మనస్తాపం’ అన్నవి ఆ ఎనిమిదిటిలో ఎక్కడా లేవు.

ఈ హక్కు ప్రధానంగా ‘రాజ్యం’ మీద పనిచేస్తుంది. 12వ అధికరణం ప్రకారం ప్రభుత్వాలతో పాటు నగర పాలక సంస్థలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, జీవిత బీమా సంస్థ వంటివి కూడా ఆ మాట కిందికి వస్తాయి. ప్రైవేటు కళాశాల సంగతి వేరు. అయితే 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పు 19వ అధికరణపు హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని చెప్పింది. అది ఆచరణలో ఎంత దూరం పోతుందో ఇంకా తేలవలసి ఉంది. అదే తీర్పు 19(2)లోని జాబితాకు కొత్త కారణాలు చేర్చడానికి వీల్లేదని కూడా స్పష్టం చేసింది.

ఇక సెన్సార్‌షిప్. మాట బయటికి రాకముందే ఆపడం ఒక రకం, వచ్చాక శిక్షించడం మరో రకం. కోర్టులు మొదటిదాన్ని ఎక్కువ అనుమానంతో చూస్తాయి. సినిమాకు ముందస్తు సెన్సారు చెల్లుతుందని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. నాటకానికి మాత్రం తమిళనాడులో ఆ పద్ధతి పోయింది. 1954 నాటి నాటక ప్రదర్శనల చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను మద్రాసు హైకోర్టు 2013లో కొట్టివేసింది. అప్పటిదాకా నాటకం ఆడాలంటే రాతప్రతి ముందుగా పోలీసుల చేతికి వెళ్లేది. చెన్నైలో తెలుగు నాటకాలు వేసినవారికి ఆ తీర్పు విలువ విడిగా చెప్పనక్కరలేదు.

ఈ ఊరి నుంచి వెళ్లిన రెండు కేసులు

మద్రాసు ప్రభుత్వానికి పుస్తకాలు నిషేధించడం కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని నిషేధించింది ఈ ప్రభుత్వమే. అది తెల్లవాళ్ల కాలం. స్వాతంత్ర్యం వచ్చాక, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాలుగు నెలలకే ఈ రాష్ట్రపు నిషేధం ఒకటి సుప్రీంకోర్టు ముందు నిలబడింది. బొంబాయి నుంచి వెలువడే ‘క్రాస్‌రోడ్స్’ అనే వారపత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకూడదని 1949 నాటి ప్రజాశాంతి పరిరక్షణ చట్టం కింద ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1950 మేలో రమేశ్ థాపర్ కేసులో ఆ ఉత్తర్వు చెల్లదని తీర్పు వచ్చింది. అప్పటికి 19(2)లో ‘ప్రజాశాంతి’ అన్న మాటే లేదు. జాబితాలో లేని కారణంతో నోరు మూయించలేరని కోర్టు అంది. మరుసటి ఏడాదే పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి ఆ మాటను చేర్చింది. దానితో పాటే ఆంక్షలు ‘సహేతుకం’గా ఉండాలన్న మాటను కూడా 19(2)లోకి తెచ్చింది. ఒక చేత్తో హద్దులు పెంచుతూనే మరో చేత్తో వాటిని కొలిచే తూకం కోర్టులకు ఇచ్చింది.

ఆ తూకం ఎలా వేయాలో చెప్పిన కేసు కూడా మద్రాసుదే. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ చట్టవిరుద్ధమని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ సంస్థ కార్యదర్శి, న్యాయవాది వి.జి. రావు హైకోర్టుకు వెళ్లారు. అప్పుడు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి తెలుగువారు, తెలుగులో నాటకాలు రాసిన పి.వి. రాజమన్నార్. హైకోర్టులో ప్రభుత్వం ఓడిపోయింది. 1952 మార్చిలో సుప్రీంకోర్టులోనూ ఓడింది. అది సంఘాలు పెట్టుకునే హక్కుకు సంబంధించిన కేసే అయినా, సహేతుకత అంటే ఏమిటో ఆ తీర్పు చెప్పిన తీరు ఇప్పటికీ అన్ని కోర్టుల్లో నలుగుతూనే ఉంది. దెబ్బ తగిలిన హక్కు ఎటువంటిది, ఆంక్ష ఉద్దేశం ఏమిటి, నివారించదలచిన కీడు ఎంత పెద్దది, ఎంత తొందర ఉంది, మందు జబ్బును మించిపోయిందా అన్నవన్నీ చూడాలి.

ఒకే ప్రభుత్వం, వేర్వేరు పాత్రలు

పాఠకులు తికమకపడే చోటు ఇది. నిన్న ఒక కోర్టు మాట్లాడే హక్కు ఉందంది, ఇవాళ ఇంకో కోర్టు ఉద్యోగం నుంచి తీసేయడం సరే అంది, ఇందులో న్యాయం ఏమిటని అడుగుతారు. ప్రభుత్వం అన్నిచోట్లా ఒకే పాత్రలో ఉండదు. ఒకచోట శిక్షించే పాలకుడు, ఒకచోట జీతమిచ్చే యజమాని, ఒకచోట బడి పెద్ద, ఇంకోచోట పత్రికనో చానల్‌నో నడిపే సంపాదకుడు. పాత్రను బట్టి కోర్టు ఇచ్చే సడలింపు మారుతుంది.

పాలకుడి పాత్రలో సడలింపు అతి తక్కువ. రిజర్వేషన్ల అంశంపై తీసిన ఒక తమిళ సినిమాకు ఇచ్చిన సర్టిఫికెట్‌ను మద్రాసు హైకోర్టు రద్దు చేస్తే, 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తిరగ్గొట్టింది. మాటకూ ప్రమాదానికీ మధ్య సంబంధం, మందుగుండు పెట్టెలో పడిన నిప్పురవ్వ అంత దగ్గరగా ఉండాలని అంది. గొడవలు చేస్తామని ఎవరో బెదిరిస్తే ప్రభుత్వం ఆ బెదిరింపుకు లొంగి సినిమాను ఆపడం చట్టబద్ధ పాలనను వదులుకోవడమే అవుతుందని కూడా చెప్పింది. నా దృష్టిలో ఈ తీర్పులో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. శాంతిభద్రతలు కాపాడవలసిన బాధ్యత పోలీసులది. ఆ భారాన్ని తెచ్చి రచయిత భుజాల మీద పెట్టకూడదు.

యజమానిగా ప్రభుత్వం

ఇక్కడ చిక్కు ఎక్కువ. 1957లో బాలకోటయ్య కేసులో రైల్వే ఉద్యోగులు రాజకీయ కార్యకలాపాల కారణంగా ఉద్యోగాలు పోగొట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లారు. సంఘంలో చేరే హక్కు మీకుంది కానీ, ప్రభుత్వ ఉద్యోగంలో కొనసాగే హక్కు ప్రాథమిక హక్కు కాదని కోర్టు చెప్పింది. అయిదేళ్లు తిరగకముందే, 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో గాలి మారింది. ఉద్యోగులు ఏ రకమైన ప్రదర్శనలోనూ పాల్గొనకూడదన్న బీహారు ప్రభుత్వ నిబంధనలోని ఆ భాగాన్ని కోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు వదులుకోడు అన్న సూత్రం అక్కడ గట్టిపడింది. సమ్మెను మాత్రం ప్రాథమిక హక్కుగా ఒప్పుకోలేదు.

అంటే ఉద్యోగి ఏమైనా అనవచ్చా? అనలేడు. కర్ణాటక చిన్న పరిశ్రమల అభివృద్ధి సంస్థ ఉద్యోగి ఒకరు తమ సంస్థలో అవకతవకలు జరుగుతున్నాయని గవర్నరుకు ఉత్తరం రాసి, పత్రికలకు ప్రకటన ఇచ్చారు. ఆయనను ఉద్యోగం నుంచి తీసివేయడాన్ని 1998లో సుప్రీంకోర్టు సమర్థించింది. సంస్థలో క్రమశిక్షణ, పని సాగుబాటు కోసం పెట్టిన నిబంధనలను భావ ప్రకటనా స్వేచ్ఛపై దాడిగా చూడనక్కరలేదని ఆ తీర్పు సారాంశం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 9వ నిబంధన ప్రభుత్వ విధానాలపై ప్రతికూల విమర్శను నిషేధిస్తుంది. తమిళనాడు ఉద్యోగులకు 1973 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది.

దీనికి ఎదురుగా త్రిపుర హైకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన తీర్పును పెట్టి చూడాలి. పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు ఒక ఉద్యోగినిని, రాజకీయ సభకు వెళ్లారని, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టారని సస్పెండ్ చేశారు. సభకు వెళ్లడం వేరు, రాజకీయాల్లో పాల్గొనడం వేరు అని కోర్టు గీత గీసింది. ప్రభుత్వ ఉద్యోగికి భావ ప్రకటనా స్వేచ్ఛ లేకుండా పోదని, నియమావళి పెట్టిన హద్దుల లోపల అది ఉంటుందని చెప్పి శాఖాపరమైన చర్యను కొట్టివేసింది.

ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టుకునేవిగా కనిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ కోర్టు చూసింది ఒకటే. ఆ మాట సంస్థ పనిని దెబ్బతీసిందా, లేక పై అధికారులకు రుచించలేదా? కర్ణాటక కేసులో ఉద్యోగి తను పనిచేసే సంస్థ అధిపతి మీదే వీధికెక్కాడన్నది కోర్టు దృష్టి. నాకు ఆ తీర్పుతో పేచీ ఉంది. లోపల జరిగే అవినీతి బయటికి తెలిసే దారి చాలాసార్లు లోపలి మనిషే. అయినా అది నేటికీ నిలిచి ఉన్న తీర్పు. దాన్ని పక్కన పెట్టి ఉద్యోగుల హక్కుల గురించి మాట్లాడడం కుదరదు.

పాడకుండా నిలబడిన ముగ్గురు పిల్లలు

బడి విషయంలో అందరూ చదవవలసిన తీర్పు 1986 ఆగస్టు 11న వచ్చింది. కేరళలో ఒక బడిలో ముగ్గురు అన్నాచెల్లెళ్లు ఉదయం ప్రార్థన సమయంలో జాతీయ గీతానికి అందరితో పాటు మర్యాదగా లేచి నిలబడేవారు. పాడేవారు కారు. వారు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవారు. దేవుణ్ణి తప్ప మరి దేనినీ కీర్తించకూడదని వారి విశ్వాసం. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడు చూసి సభలో ప్రస్తావించాక, విచారణలో పిల్లల మీద తప్పేమీ కనిపించకపోయినా, 1985 జులైలో వారిని బడి నుంచి పంపేశారు. కేరళ హైకోర్టులో తండ్రి ఓడిపోయాడు.

సుప్రీంకోర్టులో తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. ఆయన ముందు రెండు ప్రశ్నలున్నాయి. జాతీయ గీతం పాడి తీరాలని ఏ చట్టం చెబుతోంది? ఏదీ లేదు. 1971 నాటి చట్టం పాడేవారికి అడ్డుతగలడాన్ని నేరంగా చెబుతుంది కానీ, మౌనంగా నిలబడడాన్ని కాదు. మరి పిల్లలను పంపేయడానికి ఆధారమేమిటి? విద్యాశాఖ సర్క్యులర్లు. వాటికి చట్టబలం లేదు కనుక వాటితో 19(1)(ఎ) హక్కును తగ్గించలేరు. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందని ఈ తీర్పు తేల్చింది. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమని ఆదేశించింది. మన సంప్రదాయం సహనాన్ని బోధిస్తుందని, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుందని, దాన్ని పలచన చేసుకోవద్దని చివర్లో రాశారు.

ఆ పిల్లలు నిత్యం అందరి మధ్య నోరు మూసుకుని నిటారుగా నిలబడి ఉండడం ఊహించుకోండి. ఎవరినీ తిట్టలేదు, ఎవరికీ అడ్డురాలేదు. అయినా ఇంటికి పంపేశారు. దాన్ని తిప్పికొట్టింది భావోద్వేగం కాదు, ఆ ఉత్తర్వు వెనుక చట్టం లేదన్న చిన్న విషయం.

విశ్వవిద్యాలయాల్లో సంగతి ఇంత తేటగా ఉండదు. 2015 మేలో ఐఐటీ మద్రాసు అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపును రద్దు చేసింది. ఆ సంఘంపై పేరులేని ఫిర్యాదు ఒకటి కేంద్ర మంత్రిత్వ శాఖకు వెళ్లి, అక్కడి నుంచి సంస్థకు వచ్చింది. సంస్థ పేరు వాడుకోవడంలో నియమాలు ఉల్లంఘించారన్నది యాజమాన్యం వాదన. తమ అభిప్రాయాల వల్లే, వివరణ అడగకుండానే రద్దు చేశారన్నది విద్యార్థుల వాదన. జూన్‌లో గుర్తింపు తిరిగి ఇవ్వడంతో విషయం కోర్టు తీర్పు దాకా వెళ్లలేదు. సంఘానికి గుర్తింపు, గది, నోటీసు బోర్డు ఇవ్వడం సంస్థ చేతిలో ఉన్న సౌకర్యాలు. వాటిని అందరికీ ఇచ్చి, ఒక అభిప్రాయం ఉన్నవారికి మాత్రం తీసేస్తే అది సౌకర్యం సమస్యగా మిగలదు, సమానత్వం సమస్య అవుతుంది.

ప్రభుత్వ పత్రిక ఎవరిది?

1978లో అహ్మదాబాదుకు చెందిన వినియోగదారుల హక్కుల ప్రచారకుడు మనూభాయి షా, జీవిత బీమా సంస్థ పాలసీదారులను ఎలా నష్టపరుస్తోందో వివరిస్తూ ఒక అధ్యయన పత్రం రాశారు. బీమా సంస్థ సభ్యుడు ఒకరు దానికి ‘ది హిందూ’లో జవాబు రాశారు. షా కూడా అదే పత్రికలో ప్రతిజవాబు ఇచ్చారు. అంతవరకు చక్కగా నడిచింది. తరవాత బీమా సంస్థ తన సొంత పత్రిక ‘యోగక్షేమ’లో తన సభ్యుడి వ్యాసాన్ని వేసుకుని, షా జవాబు వేయడానికి ఒప్పుకోలేదు. ఇది మా ఇంటి పత్రిక అంది.

ప్రజల డబ్బుతో నడిచే సంస్థ, తన పత్రికలో ఒక పక్షాన్ని వేసి రెండో పక్షాన్ని కారణం లేకుండా తోసిపుచ్చలేదని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. భోపాల్ దుర్ఘటనపై తీసిన డాక్యుమెంటరీని దూరదర్శన్ తిరస్కరించడమూ చెల్లదని అదే తీర్పులో అంది. సూత్రం గొప్పదే. అయితే అధ్యయన పత్రానికీ తీర్పుకూ మధ్య 14 ఏళ్లు గడిచాయి.

కాగితం మీదికి రాని నిషేధాలు

అన్నిటికన్నా కష్టమైనవి ఉత్తర్వు లేని నిషేధాలు. 2015 జనవరిలో నామక్కల్‌లో రచయిత పెరుమాళ్ మురుగన్‌ను అధికారులు ‘శాంతి చర్చలకు’ పిలిచారు. ఆయన నవలపై స్థానికంగా ఆందోళనలు జరుగుతున్నాయి. ఆయన ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు కూడా. అక్కడ బేషరతు క్షమాపణకు, ప్రతులను వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుని సంతకం చేశారు. తనలోని రచయిత చనిపోయాడని ఫేస్‌బుక్‌లో ప్రకటించారు. ఎవరూ పుస్తకాన్ని నిషేధించలేదు, కాబట్టి సవాలు చేయడానికి ఉత్తర్వూ లేదు.

2016 జులై 5న మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందానికి ఎవరూ కట్టుబడనక్కరలేదని చెప్పింది. రచయిత పునరుజ్జీవం పొందాలని, తనకు బాగా తెలిసిన పని, అంటే రాయడం, చేయాలని ఆ తీర్పు ముగుస్తుంది.

చెన్నైలో అంతకుముందే ఇలాంటిది జరిగింది. హత్యల కేసులో శిక్షపడి జైల్లో ఉన్న ఆటో శంకర్ ఆత్మకథను ‘నక్కీరన్’ వారపత్రిక వేయబోతే జైళ్ల శాఖ ఉన్నతాధికారి హెచ్చరిస్తూ ఉత్తరం రాశారు. అందులో కొందరు అధికారుల ప్రస్తావన ఉంది. ప్రచురణకు ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి గానీ, అధికారులకు గానీ లేదని, పరువు పోయిందనుకుంటే ప్రచురణ తరవాత దావా వేసుకోవచ్చని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఎదుటి పక్షం వాదనలో బలం

ఆంక్షలన్నీ అధికార మదంతో పెట్టేవే అనుకోవడం పొరపాటు. పరీక్షల రహస్యం, రోగుల వివరాలు, ఎన్నికల విధుల్లో తటస్థత వంటివి కాపాడకపోతే ప్రభుత్వ సంస్థ మీద జనానికి నమ్మకం ఉండదు. సైనికులు, పోలీసుల విషయంలో ప్రాథమిక హక్కులను తగ్గించే వీలు 33వ అధికరణమే ఇచ్చింది. ఒక ఉపాధ్యాయుడు ఒక కులాన్నో మతాన్నో కించపరుస్తూ రాస్తే, రేపు ఆ వర్గపు పిల్లవాడు ఆ తరగతిలో ఎలా కూర్చోవాలి?

కోర్టులు కూడా ప్రతిసారీ మాట పక్షం వహించలేదు. ‘ధర్మకారణ’ అనే కన్నడ పుస్తకాన్ని కర్ణాటక ప్రభుత్వం జప్తు చేయడాన్ని 2007లో సుప్రీంకోర్టు సమర్థించింది. సామాజిక మాధ్యమాల్లోని అంశాలను తొలగించమని అధికారులు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్‌కు చట్టంలో ఆధారం లేదని ఎక్స్ సంస్థ వాదిస్తే, 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. ‘ఏ చట్టం కింద’ అన్న ప్రశ్న అడిగితే జవాబు ఎప్పుడూ ‘ఏదీ లేదు’ అని రాదు.

టీచరమ్మ స్టేటస్‌ను ఈ తూకంలో పెడితే

ఆమె రాసిన విషయం నేపథ్యం ఇది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని దశలవారీగా పదో తరగతి దాకా తప్పనిసరి చేసింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మలయాళం చదివే పిల్లల కోసం మినహాయింపులు కోరుతూ కేసులు నడిచాయి, కోర్టులు తాత్కాలిక మినహాయింపులూ ఇచ్చాయి. అంటే ఇది కోర్టుల్లోనే చర్చ జరిగిన ప్రజా విషయం.

పోలీసు కేసు పెట్టి ఉంటే ఆమె గట్టి నేల మీద ఉండేవారు. మహారాష్ట్రలో ఒక కళాశాల అధ్యాపకుడిపై వాట్సాప్ స్టేటస్ కారణంగా పెట్టిన క్రిమినల్ కేసును 2024 మార్చిలో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఒక కవిత మీద పెట్టిన కేసునూ కొట్టేస్తూ, ప్రతి మాటనూ తమకు ముప్పుగా చూసే అభద్రతాపరుల కొలమానంతో మాటను తూచకూడదంది. కానీ ఇది యజమాని ఇచ్చిన మెమో. ప్రవర్తనా నియమావళికి చట్టబలం ఉంది. సరైన నిబంధన చూపిస్తే అధికారులు మొదటి గడప దాటుతారు.

అప్పుడు రెండో ప్రశ్న వస్తుంది. నాలుగు వాక్యాల వల్ల బడి నడక ఏమైనా దెబ్బతిందా? ‘మా పిల్లలు రెండు భాషల బరువు మోస్తున్నారు, మినహాయింపు కొనసాగిస్తే బాగుండును’ అని రాయడం ఒకటి. ‘మా ప్రధానోపాధ్యాయురాలు డబ్బు తిన్నది’ అని ఆధారం లేకుండా రాయడం ఇంకొకటి. మూల్యాంకన కేంద్రంలోని జవాబు పత్రం ఫొటో పెట్టడం పూర్తిగా వేరు. మొదటిదానికి శిక్ష వేస్తే త్రిపుర తీర్పు ఆమెకు అండగా నిలవవచ్చు. రెండోదానికి కర్ణాటక తీర్పు యాజమాన్యానికి అండ. మూడోదానికి ఏ తీర్పూ ఆమెను ఆదుకోదు. ఆమె రాసింది మొదటిది.

మరో మెలిక ఉంది. సంజాయిషీ అడిగిన దశలోనే హైకోర్టుకు వెళితే, ముందు శాఖలో జవాబు ఇచ్చుకోమని చెప్పి కోర్టులు సాధారణంగా వెనక్కి పంపుతాయి. శిక్ష పడ్డాకో, అధికారమే లేని వ్యక్తి చర్య మొదలుపెట్టినప్పుడో 226వ అధికరణం కింద రిట్ వేస్తే ఎక్కువ బలం ఉంటుంది. ఈలోగా ఆమె ఇంక్రిమెంటు, బదిలీ, నిద్ర అన్నీ ఆ కాగితం కింద నలుగుతుంటాయి.

ఏడు రోజుల గడువులో ఆమె రెండు వాక్యాల జవాబు ఇచ్చారు. ఏ నిబంధన కింద సంజాయిషీ అడుగుతున్నారో తెలియజేయమని, ఫిర్యాదు ప్రతి ఇప్పించమని. రెండు వారాలకు రెండో మెమో వచ్చింది. ఈసారి నిబంధన సంఖ్య ఉంది. ఫిర్యాదు ప్రతి లేదు. ఇప్పుడు ఆమె పూర్తి సంజాయిషీ రాస్తున్నారు. స్టేటస్‌లో పెట్టిన నాలుగు వాక్యాలను అక్షరం మార్చకుండా మొదటి పేజీలోనే రాసుకున్నారు.